రికర్వ్ అలవాటైన చేతికి లాంగ్‌బో పిడి: ఏ గ్రిప్ పట్టాలి?

ప్రశ్న: నేను దేవరకొండలో టీచర్‌ని. డిగ్రీ చదివేటప్పుడు హైదరాబాద్‌లో నాలుగేళ్లు రికర్వ్ (ఒలింపిక్స్‌లో వాడే రకం విల్లు) ఆడాను. విల్లు లాగే బరువు 34 పౌండ్లు, నా డ్రా (స్ట్రింగ్ లాగే దూరం) 26 అంగుళాలు, కుడిచేతి వాటం. పెళ్లి, పాప, ఉద్యోగం... ఏడేళ్లుగా విల్లు ముట్టలేదు. ఈ మధ్య మా తమ్ముడు ఒక లాంగ్‌బో (పాతకాలం తరహా పొడవాటి సాదా విల్లు) కొనిచ్చాడు. దాని మీద 28 అంగుళాలకు 40 పౌండ్లు అని రాసి ఉంది. పిడి నిటారుగా ఉంది, తోలు చుట్టారు, బాణం ఆనడానికి చిన్న షెల్ఫ్ ఉంది. పాత అలవాటు ప్రకారం మణికట్టు ఎత్తి పెట్టి, వేళ్లు వదులుగా వదిలేసి వేస్తుంటే పది బాణాలకే మణికట్టు పీకుతోంది. వదిలిన ప్రతిసారీ విల్లు చేతిలో ఎగిరి పడుతోంది. స్ట్రింగ్ మణికట్టు దగ్గర చురుక్కుమనిపిస్తోంది. బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి, అవి నా పాత కార్బన్ బాణాలే. హై, మీడియం, లో గ్రిప్పుల్లో నాకేది సరిపోతుంది? ఎం-సీల్ పెట్టి పిడిని నా పాత రికర్వ్ గ్రిప్ షేపులోకి తెచ్చుకోవచ్చా? మా అమ్మగారి ఊరు అచ్చంపేట దగ్గర. అక్కడ ఒక చెంచు పెద్దాయన విల్లు పట్టుకోవడం చూశాను, పిడికిలి బిగించేశారు. మా పాత కోచ్ అయితే వేళ్లు బిగిస్తే ఊరుకునేవారు కాదు. ఎవరి మాట వినాలి? ఇంకోటి, మా వారు పాత రికర్వ్ అమ్మేయమంటున్నారు. అమ్మేయనా?

– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: లో గ్రిప్ పట్టండి, అంటే మణికట్టు దించి, అరచేతి మొదలు కూడా పిడికి ఆనించి పట్టేది. మీ విల్లుకి అదే సరైనది. మణికట్టు ఎత్తి పట్టే హై గ్రిప్ సంగతి ఈ విల్లుతో మర్చిపోండి. ఆ రెండింటికీ మధ్యలో ఉండే మీడియం అంటారా, నిటారు పిడి మీద అది నిలవదు. నాలుగు బాణాలకు పైన ఉంటుంది, అయిదో దానికి జారి కిందికొస్తుంది.

ఎందుకో చెప్తాను. మీ రికర్వ్ రైజర్‌కి (విల్లు మధ్యలో ఉండే గట్టి భాగానికి) ఉన్నది మలిచిన పిడి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య భాగం ఇరుక్కోడానికి పైన లోతుగా గొంతు ఉంటుంది. దాని కింద వాలు ఉంటుంది. మీరు మణికట్టు ఎత్తినా దించినా చెయ్యి రోజూ అదే చోట కూర్చునేది, ఎందుకంటే ఆ పని సగం పిడే చేసి పెట్టేది. లాంగ్‌బో నిటారు పిడిలో ఆ గొంతూ లేదు, ఆ వాలూ లేదు. దాని మీద మణికట్టు ఎత్తి పెడితే, మీ డ్రాకి వచ్చే 35 పౌండ్ల ఒత్తిడంతా బొటనవేలి సందులో రెండు వేళ్ల వెడల్పు చోట పడుతుంది. కింద ఆనుకోడానికి ఏమీ లేదు కాబట్టి మణికట్టు కండరాలు బాణం వదిలేదాకా దాన్ని మోస్తూ ఉంటాయి. మీకు పీకుతున్నది అదే.

ఇందులో మీ తప్పేమీ లేదు. ఒక విల్లుకి నేర్చుకున్న చేతిని ఇంకో విల్లుకి పెట్టారు, అంతే.

ఇప్పుడు చెయ్యి ఎలా పెట్టాలో చూద్దాం. ముందు ఎడమ చేతి గాజులు, వాచీ తీసేయండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. లాంగ్‌బో స్ట్రింగ్ మణికట్టుకి చాలా దగ్గరగా వస్తుంది. మట్టి గాజు ఒక్కటి తగిలినా గాజు, చర్మం రెండూ తెగుతాయి. చున్నీ నడుముకి చుట్టి ముడి వేసుకోండి.

విల్లు నిలబెట్టి, చెయ్యి చాచి, అరచెయ్యి తెరిచి పెట్టండి. వేళ్ల కణుపుల వరస నిటారుగా ఉండకూడదు, 45 డిగ్రీల వాలులో ఉండాలి. ఇది రికర్వ్‌లో మీరు నేర్చుకున్నదే, దీన్ని మాత్రం వదలకండి. మీ పాత పాఠాల్లో కొత్త విల్లుకి పూర్తిగా పనికొచ్చేది ఇదొక్కటే అన్నా తప్పులేదు. కణుపులు వాలితే మోచెయ్యి బయటికి తిరుగుతుంది, ముంజేయి స్ట్రింగ్ దారిలోంచి తప్పుకుంటుంది. బొటనవేలి కింద ఉండే కండ పిడికి ఆనాలి. అరచేతిలో ఆయుష్షు రేఖ దాటి అవతలి వైపు పిడికి తగలకూడదు. తగిలిందంటే, మీరు ఎంత జాగ్రత్తగా వదిలినా విల్లు చేతిలో మెలి తిరుగుతుంది.

ఇక్కడి నుంచి రికర్వ్‌కి తేడా. మణికట్టు ఎత్తకుండా, అరచేతి మొదలు కూడా పిడికి ఆనేలా దించండి. నిండు బకెట్‌ని కడ్డీ పట్టుకుని ఎత్తితే చెయ్యి ఎలా కుదురుకుంటుందో, చెయ్యి చాచినప్పుడూ మణికట్టు అలాగే కుదురుకోవాలి. చెయ్యి పెట్టగానే వేళ్లు ముడవకండి. ముందు స్ట్రింగ్‌ని రెండు అంగుళాలు లాగండి. ఆ ఒత్తిడికి పిడి తనంతట తాను అరచేతిలో సర్దుకుంటుంది. అలా సర్దుకున్నాక, అప్పుడు మధ్యవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు పిడి చుట్టూ చుట్టండి. చూపుడువేలు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ. దాన్ని బొటనవేలి కొనకి తాకించి ఉంచితే చాలామందికి బాగుంటుంది.

ఎంత గట్టిగా? దీనికి నా దగ్గర ఒకటే కొలత: గోళ్లు చూసుకోండి. ఎవరినైనా పక్కన నిలబెట్టి, మీరు పూర్తిగా లాగి ఆగినప్పుడు మీ మూడు వేళ్ల గోళ్లు చూడమనండి. గోళ్లు గులాబీ రంగులోనే ఉంటే సరే. కొనలు తెల్లబడితే బిగించేస్తున్నారు. బాణం వదిలే క్షణంలో ఒక్కసారిగా తెల్లబడుతుంటే అది ఇంకా చెడ్డ అలవాటు. విల్లు ఎక్కడ పడిపోతుందోనని చెయ్యి తనకు తెలియకుండానే పట్టేసుకుంటోందన్నమాట. లాగడం మొదలుపెట్టినప్పుడు ఎంత పట్టు ఉందో బాణం బట్‌లో (బాణాలు వేసే దిమ్మలో) దిగే దాకా అంతే ఉండాలి. కాస్త గట్టిగా పట్టినా ప్రతిసారీ ఒకేలా పడితే బాణాలు ఒకచోటే పడతాయి. పట్టు మధ్యలో మారిందా, ఎంత సుకుమారంగా పట్టినా బాణాలు చెదిరిపోతాయి.

మీ కోచ్ వేళ్లు బిగిస్తే ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. టీవీలో మన విజయవాడ అబ్బాయి ధీరజ్ బొమ్మదేవర వేసేటప్పుడు స్లో మోషన్‌లో చూడండి. బాణం వెళ్లిపోయాక విల్లు ముందుకు ఒరిగి, ఫింగర్ స్లింగ్‌కి (విల్లు పడిపోకుండా వేళ్లకి కట్టుకునే తాడుకి) వేలాడుతుంది. ఒలింపిక్ రికర్వ్ అంటే లోహపు రైజర్, ముందుకు పొడుచుకొచ్చిన స్టెబిలైజర్ కడ్డీ, గురి చూసుకునే సైట్. ఆ బరువు విల్లుని నిలకడగా ఉంచుతుంది. చెయ్యి చేయాల్సిందల్లా అడ్డు రాకపోవడమే. లాంగ్‌బో చేతిలో చాలా తేలిక. దాన్ని నిలకడగా ఉంచే బరువేదీ పిడి దగ్గర ఉండదు. బాణం తీసుకోగా మిగిలిన శక్తి నేరుగా మీ చేతిలోకే వస్తుంది. వేళ్లు తెరిచి పెట్టారనుకోండి, విల్లు ఎగిరి పడుతుంది. మీకు జరుగుతున్నది ఇదే. ఫింగర్ స్లింగ్ పక్కన పెట్టేయండి. కొందరు లాంగ్‌బోతో కూడా వాడతారు కానీ, అది చేతికి ఉన్నంతకాలం మీ వేళ్లు పాత పద్ధతిలోనే తెరుచుకుంటాయి. మోచెయ్యి కూడా కర్రలా లాక్ చేయకుండా కొంచెం సడలించి ఉంచండి, ఆ కుదుపు భుజం దాకా పోకుండా ఉంటుంది.

ఆ చెంచు పెద్దాయన విషయానికొస్తే, ఆయన పట్టు ఆయన విల్లుకి నూటికి నూరుపాళ్లు సరైనది. ఆయన విల్లుకి తోలు చుట్టిన పిడి లేదు, షెల్ఫ్ లేదు, బాణం పిడికిలి మీదుగానే పోతుంది. షెల్ఫ్ లేని విల్లుకి మనిషి పిడికిలే షెల్ఫ్. అది కదిలితే బాణం కదిలినట్టే, అందుకే బిగించి పడతారు. అమ్రాబాద్ అడవిలో పొదల మధ్య, దగ్గరి దూరంలో వేయడానికి వచ్చిన పద్ధతి వాళ్లది. 70 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల టార్గెట్‌కి క్లిక్కర్ (పూర్తిగా లాగగానే టిక్కుమనే పట్టీ) పెట్టుకుని వేసే ఆటకి మీ కోచ్ నేర్పిన పద్ధతి. ఇద్దరి మాటా నిజమే, ఇద్దరూ చెప్పేది మీ చేతిలో ఉన్న విల్లు గురించి కాదు. మీది ఆ రెండింటికీ మధ్యలో ఉంటుంది, పట్టు కూడా అలాగే. ఈసారి అచ్చంపేట వెళ్తే ఆయన చేతిలో ఒక విషయం గమనించండి: విల్లు ఎత్తిన దగ్గర్నుంచి బాణం వెళ్లేదాకా ఆ పిడికిలి మారుతుందా? మారదనే నా నమ్మకం. మీరు నేర్చుకోవాల్సింది ఆ మారకపోవడం, బిగింపు కాదు. (మీ విల్లు మాత్రం అటు తీసుకెళ్లకండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. విల్లంబులతో చెక్‌పోస్టులో దొరికితే, టీచర్‌నని చెప్పుకున్నా సమాధానాలు చెప్పుకుంటూ కూర్చోవాలి.)

మీరు రాయలేదు కానీ, రికర్వ్‌లోకి రాకముందు స్కూల్లో ఇండియన్ రౌండ్ (వెదురు విల్లుతో ఆడే పోటీ) ఆడి ఉంటే పని సులువవుతుంది. మన దగ్గర చాలామంది పిల్లలు మొదట వెదురు విల్లే పడతారు. ఆ విల్లు పట్టిన తీరు గుర్తు తెచ్చుకోండి, లాంగ్‌బోకి అది చాలా దగ్గర.

ఇక ఎడమకు పోయే బాణాలు. ఇక్కడ మీరు గ్రిప్‌ని అనుమానిస్తున్నారు. నేను బాణాలని అనుమానిస్తున్నాను. రికర్వ్ రైజర్‌ని మధ్య గీత దాటేదాకా కోసి ఉంచుతారు. బాణం స్ట్రింగ్‌కి నేరుగా ముందు కూర్చుంటుంది. ప్లంజర్‌తో (బాణం పక్కన ఆనే చిన్న స్ప్రింగ్ గుండీతో) ఇంకా సర్దుకోవచ్చు. లాంగ్‌బోలో అంత కోత ఉండదు. బాణం మొన కొంచెం ఎడమకే చూస్తూ బయల్దేరుతుంది. అది ఒంగుతూ విల్లుని పక్కనుంచి చుట్టుకుని పోయి మళ్లీ దారిలోకి రావాలి. అలా ఒంగాలంటే బాణం కొంచెం మెత్తగా ఉండాలి. మీ రికర్వ్‌కి సరిగ్గా సరిపోయిన కార్బన్ బాణం ఈ విల్లుకి బిగుసుగా ఉంటుంది, ఒంగదు, ఎడమకే పోతుంది. పైగా వాటికి ఈకల బదులు ప్లాస్టిక్ వేన్స్ (రెక్కలు) ఉండి ఉంటాయి. షెల్ఫ్ మీంచి వెళ్లేటప్పుడు ప్లాస్టిక్ అణగదు, తగిలి బాణాన్ని పక్కకు తన్నుతుంది. పక్షి ఈక అయితే అణిగి పోతుంది. లాంగ్‌బోకి ఈకల బాణాలే వాడడం వెనుక ఉన్న కారణం ఇది, సంప్రదాయం మీద మోజు కాదు.

తేడా కనిపెట్టడం ఎలా అంటే, బాణాలన్నీ ఎడమకి పోయినా ఒక గుప్పెడు జాగాలోనే పడుతుంటే తప్పు బాణాలది. మీ చెయ్యి బాగానే ఉంది. కొన్ని ఎడమకి, కొన్ని కుడికి చెదిరిపోతుంటే చెయ్యి మెలి తిప్పుతోంది. మీరు "అన్నీ ఎడమకే" అని రాశారు కాబట్టి ముందు బాణాలు మార్చండి. మార్చకుండా గ్రిప్ దిద్దుకుంటూ పోతే, బాణం తప్పుని చేతితో సరిచేయడం అలవాటైపోతుంది. తర్వాత సరైన బాణాలు వచ్చినప్పుడు అవి కుడికి పోతాయి. అప్పుడు మళ్లీ మొదటికొస్తారు.

కొత్త బాణాలు కొనేటప్పుడు బరువు కూడా చూసుకోండి. మీ విల్లు మీద 40 పౌండ్లు అని ఉన్నా అది 28 అంగుళాల లెక్క. ఒక్కో అంగుళం తగ్గితే రెండు, రెండున్నర పౌండ్లు తగ్గుతాయి. మీ 26 అంగుళాలకి 35, 36 పౌండ్ల దగ్గర ఉంటుంది. లో గ్రిప్ పట్టాక డ్రా ఇంకో అర అంగుళం తగ్గినా ఆశ్చర్యం లేదు, కంగారుపడి వెనక్కి సాగదీయకండి. లాంగ్‌బోకి పౌండుకి తొమ్మిది, పది గ్రెయిన్ల (బాణాల బరువుకి వాడే చిన్న కొలత) బరువున్న బాణం ఉంటే చేతికి కుదుపు తక్కువ. మీ లెక్కకి మొన, ఈకలతో కలిపి బాణం 21 నుంచి 23 గ్రాములు. బంగారం కొట్టులో కాటా మీద పెడితే సెకన్లో తేలిపోతుంది. మీ పాత కార్బన్ బాణం కూడా తీసుకెళ్లి తూచి చూడండి. విల్లు ఎందుకు ఎగిరిపడుతోందో సగం అక్కడే అర్థమవుతుంది.

స్ట్రింగ్ తగలడం గురించి. రికర్వ్‌లో పిడి నుంచి స్ట్రింగ్‌కి ఎనిమిది, తొమ్మిది అంగుళాల ఎడం ఉండేది. లాంగ్‌బోలో సాధారణంగా ఆరు, ఏడు ఉంటుంది. పాతకాలం కొలత ఏమిటంటే, పిడికిలి పిడి మీద పెట్టి బొటనవేలు నిలబెడితే కొన స్ట్రింగ్‌కి తగలాలి. మీ చెయ్యి చిన్నదైతే దీన్ని నమ్మకండి, టేపుతో కొలవండి. తయారీదారు చెప్పిన కొలత ఉంటే అదే పాటించండి. ఎడం తక్కువ కాబట్టి స్ట్రింగ్ మణికట్టు దాకా వస్తుంది. అంటే రికర్వ్‌కి ముంజేయి మధ్యలో కట్టుకునే మీ పాత ఆర్మ్ గార్డ్ సరైన చోట లేదు. దాన్ని మణికట్టు వైపు జరపండి. కణుపులు వాల్చి, మోచెయ్యి బయటికి తిప్పాక కూడా తగులుతుంటే అప్పుడు స్ట్రింగ్‌ని కొన్ని మెలికలు తిప్పి ఎడం కాస్త పెంచండి.

లో గ్రిప్‌తో వచ్చే ఒక చిక్కు ముందే చెప్తాను. అరచేతి మొదలు దించమన్నాను కదా అని బరువంతా అక్కడ పడేయకండి. అలా తోస్తే విల్లు కింది లింబ్ (పిడికి కింద ఒంగే భాగం) మీద ఒత్తిడి ఎక్కువై బాణం పైకి కొడుతుంది. బాణం వెనక భాగం షెల్ఫ్‌కి తగిలి టక్కుమంటుంది. ఒత్తిడి బొటనవేలి కింది కండ మీద ఉండాలి, అరచేతి మొదలు ఊరికే తోడుగా ఆనాలి. నాకింగ్ పాయింట్ (స్ట్రింగ్ మీద బాణం తగిలించే చోటు) కూడా రికర్వ్ కన్నా కొంచెం పైకి కావాలి. షెల్ఫ్‌కి సమంగా ఉండే చోటు నుంచి అర అంగుళం పైన మొదలుపెట్టి, బాణం శుభ్రంగా వెళ్లేదాకా కొద్దికొద్దిగా జరపండి.

ఎం-సీల్ వద్దు. మీ మణికట్టు నొప్పికి మందు పిడి షేపులో లేదు. పెట్టాక తీయడం కష్టం, తీస్తే పాలిష్ ఊడొస్తుంది. పిడి దగ్గర కూడా కాస్త ఒంగే రకం విల్లయితే ఆ గట్టి ముద్ద పగులుతుంది. మీ చేతికి పిడి సన్నగా అనిపిస్తే, అంటే వేళ్ల కొనలు తిరిగొచ్చి అరచేతిలో గుచ్చుకుంటుంటే, తోలు చుట్టు విప్పి లోపల ఇంకో పలుచని తోలు ముక్క పెట్టి మళ్లీ చుట్టండి. నచ్చకపోతే తీసేయొచ్చు. క్రికెట్ బ్యాట్ రబ్బర్ గ్రిప్ తొడిగేవాళ్లు ఉన్నారు, అదీ వద్దు. రబ్బర్ అరచేతిని పట్టేస్తుంది. స్ట్రింగ్ లాగుతుండగా పిడి సర్దుకోవాలన్నాను కదా, ఆ సర్దుబాటు జరగనివ్వదు. మన నల్లగొండ ఎండల్లో తోలు చెమటకి జారుతుంది, నిజమే. పలుచని నూలు తాడు దగ్గరదగ్గరగా చుడితే చెమట పీల్చుకుంటుంది, చెయ్యీ అతుక్కోదు. మే నెలలో ఉదయం ఏడు లోపే ముగించండి. విల్లుని కార్లో వదలకండి. పొరలు అంటించి చేసిన విల్లుకి అద్దాలు మూసిన కారు వేడి కన్నా పెద్ద శత్రువు లేదు.

సాధన సంగతి. మొదటి మూడు నాలుగు వారాలు టార్గెట్ పేపర్ పెట్టకండి. అయిదు మీటర్ల దూరం నుంచి ఉత్త బట్‌కి వేయండి. గురి ఉంటే కళ్లు గురి మీదకే పోతాయి, చెయ్యి ఏం చేస్తోందో తెలియదు. వరిగడ్డి మీ దగ్గర కావలసినంత దొరుకుతుంది. మోపులు తాళ్లతో బాగా బిగించి కట్టి వెనక మట్టికట్ట ఉండేలా చూసుకోండి. డాబా మీద మాత్రం వద్దు, ఎంత దగ్గర నుంచి వేసినా సరే. రోజుకి ముప్ఫై బాణాలు చాలు, ఎక్కువ వేయకండి. ఏడేళ్ల తర్వాత 35 పౌండ్లు లాగడం చిన్న విషయం కాదు. అలసిన భుజం పైకి లేస్తుంది, భుజం లేస్తే చెయ్యి పిడిని పిండుతుంది. అప్పుడు గ్రిప్ గురించి నేను రాసిందంతా దండగ. పన్నెండో బాణానికే వణుకు వస్తుంటే తమ్ముడిని 30 పౌండ్ల విల్లు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమనండి. మొహమాటపడకండి.

రికర్వ్ అమ్మకండి. ఈ మూడు నాలుగు వారాలు దాన్ని ముట్టకండి, రెండు పట్టులూ కలిసిపోతాయి. తర్వాత చెయ్యి కుదిరాక వారంలో ఒకరోజు అది, మిగతా రోజులు ఇది పెట్టుకున్నా ఇబ్బంది ఉండదు. అదీగాక ఏడేళ్లు మూలన ఉన్న విల్లుకి ఇప్పుడు పెద్ద ధర రాదు. మీవారికి ఆ లెక్క చెప్పండి, ఆయనే వద్దంటారు. లింబ్స్ విప్పి, గోడకి ఆనించి నిలబెట్టకుండా, సంచీలో పడుకోబెట్టి ఉంచండి. స్ట్రింగ్ మాత్రం ఏడేళ్ల నాటిది మళ్లీ ఎక్కించకండి, కొత్తది కొనుక్కోండి.